పొడి వేలు

షెపర్టన్‌లో జనవరి చివరి మంగళవారం.
పిల్లలింకా రాలేదు.
బడంతా కలిపి మేం పదకొండుమంది పంతుళ్ళం,
మూడో తరగతి పొట్టి కుర్చీల్లో
మోకాళ్ళు గడ్డాలకు ఆనించుకుని.

బయట నలభై ఒక్క డిగ్రీలు.
కేనరీ నుంచి పీచ్ పళ్ళ పాకం వాసన
కిటికీ సందుల్లోంచి జిడ్డుగా లోపలికొస్తోంది.

మెల్‌బోర్న్ నుంచి వచ్చిన కుర్రాడు
(బ్రాడెన్ అట, పాతికేళ్ళుంటాయో లేదో)
తలా ఒకటి పంచాడు.
"ఏముందండీ, తాకడమే" అన్నాడు.

టాబ్లెట్ అంటే మా ఇంట్లో ఇప్పటికీ
జ్వరానికి వేసుకునేదే.
ఆ మాట చెబితే పక్కనున్న గ్లెనిస్
"అయితే నాకు రెండు, మంచినీళ్ళతో" అంది.

అరచేతిలో వైకుంఠమే.
కాకపోతే పాస్‌వర్డుకి ఎనిమిది అక్షరాలుండాలి,
అందులో ఒక అంకె, ఒక పెద్దక్షరం,
ఇంకా నక్షత్రం లాంటిదేదో.
గుమ్మంలోనే ముప్పావుగంట గడిచింది.

తర్వాత భిన్నాల ఆప్.
కేకుని వేలితో కోయాలి,
నాలుగో వంతు పక్కకి లాగాలి.
నా ముక్క లాగితే వచ్చింది, వదిలితే పారిపోయింది,
మొదటిరోజు బళ్ళో దింపిన పిల్లాడిలా.

కాలిన్ ట్రెగియర్‌ది అసలు కదల్లేదు.
ముప్పయ్యారేళ్ళ లెక్కలు, శుక్రవారాలు వడ్రంగం;
సుద్దపొడీ రంపపు పొట్టూ
వేలికొసల్లో తడంతా తాగేశాయి.
తట్టాడు. నొక్కాడు. గీరాడు.
తలుపు కొట్టినట్టు కణుపుతో కొట్టాడు.
లోపల ఎవరూ పలకలేదు.

ఈ ఊళ్ళో సగంమందికి
ఎక్కాలు నేర్పిన వేలు అది.
బ్రాడెన్ ఇబ్బందిగా తల గోక్కుని
"బాగా పొడిగా ఉంటే ఒక్కోసారి
మనిషని గుర్తుపట్టదండీ" అన్నాడు.
ఎవరం నవ్వలేదు.
కాలిన్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

టీ వేళ, బిస్కట్టు ముంచుతూ,
"ఈస్టర్‌కి మానేస్తా, ఇందూ" అన్నాడు.
జవాబు వెతుక్కునేలోగా
బిస్కట్టు విరిగి కప్పులో మునిగింది.
ఇద్దరం దానికేసే చూశాం.

ఫిబ్రవరి రెండో వారం
స్టేప్లర్ కోసం వాళ్ళ గదికి వెళ్ళాను.
అదే కేకు. అదే వేలు. అదే మొండితనం.
ముందుపళ్ళు రెండూ ఊడిన శుక్రియా
(వాళ్ళ నాన్న టమాటా తోటల్లో కోతకెళ్తాడు)
ఆయన చూపుడువేలు పట్టుకుంది,
రాయడం రాని చేతికి పెన్సిలు పట్టించినట్టు.
"నాకాలి సర్. కొంచెమే.
మా తాత వేళ్ళూ ఇంతే."

ఆయన అటూ ఇటూ చూశాడు. నన్ను చూడలేదు.
నాలుక కొస బయటికొచ్చి లోపలికి పోయింది.
కేకు నాలుగు ముక్కలైంది.
ముక్కలైనంతసేపూ శుక్రియా
ఆ వేలు వదల్లేదు.

తలుపు దగ్గర నాకు
కుడిచెవి చురుక్కుమంది.
పలక మీద ఉమ్మి తుడిచానని
రాజారత్నం మాస్టారు మెలిపెట్టిన చెవి.
"సరస్వతి మీద ఉమ్ముతావే?
దొండాకు తెచ్చుకో!"
నిజం చెప్పొద్దూ,
దొండాకు పచ్చగా పులిమేది.
ఉమ్మితేనే శుభ్రంగా పోయేది తప్పు.

ఇదంతా కాలిన్‌కి ఏ భాషలో చెప్పను?
స్టేప్లర్ తీసుకోకుండానే వచ్చేశాను.

మూడున్నరకి ఛార్జింగు బీరువా తాళం నా వంతు.
ఆరిపోయిన గాజుల మీద
పడమటి ఎండ ఏటవాలుగా పడితే
లెక్కలు లేవు, చేసిన వేళ్ళున్నాయి:
జామ్, చెమట, ఎవరిదో ముక్కు తుడిచిన జాడ,
ఇరవయ్యారు చిన్న అడుగుల మధ్య
ఒకటి వెడల్పుగా, కాస్త వంకరగా.

అన్నీ తుడిచి పెట్టాలట, రూలు.
గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాను.
షెపర్టన్‌లో దొండాకు ఎవరమ్ముతారు?