ఏ వాసనా లేనిది

బోరబండ కిరాణంల సాయిలన్న
మూడు ప్యాకెట్లు పరిచిండు:
మల్లె, గులాబి, నిమ్మ.
"వాసన లేనిది లేదా?" అన్న.
నవ్విండు.

పోయిన వారం మల్లెల పొడికే
బిడ్డ తొడలు కందినయి.
మెత్తగైతయని పోసిన నీలి మందుకు
లంగోటీలు తడి పీల్చుడే మానేసినయి.

ఇప్పుడు అర చెంచా. అంతే.
బోరు నీళ్లల్ల ఆ పొడి కరగనే కరగది.
మంజీర నల్లా కోసం
రోజు తప్పి రోజు, తెల్లారుజామున నాలుగింటికి
బకీటు పెట్టుకోని కూసుంట.
నాలుగోసారి జాడిస్తుంటే
మీది అంతస్తు రహమత్ బీ అడుగుతది:
"ఇంకెంత పిండుతవ్ భయ్యా?"
నురుగు పోయిందాక.

డాబా మీద
నా పాత లుంగీల ముక్కలు ఇరవై రెండు.
ఒకటి తీసి ముక్కుకు ఆనిచ్చిన.
ఎండ, అంతే.
అట్టలెక్క బిగుసుకున్నదాన్ని
రెండు చేతుల నడుమ నలుపుకుంట
మెట్లు దిగిన.