పంటు తిరిగొచ్చేలోగా

పంటు నరసాపురం ఒడ్డుకెళ్లి రావడానికి
నలభై నిమిషాలు.
వరదప్పుడు గంట. పొగమంచులో లెక్కే లేదు.
టిక్కెట్ల బల్ల కింద, చెప్పుల పక్కన
ఎప్పుడూ ఓ లైబ్రరీ పుస్తకం.
నా చదువంతా ఈ నలభై నిమిషాల ముక్కలే.

ఈ శీతాకాలం నాలుగు చదివాను.
మూడున్నర అనాలేమో.

మొదటిది ఎడారి నవల.
అందులో ఒక ఊరు చుక్క నీటికోసం
నూట ఎనభై పేజీలు తవ్వుతుంది.
రేవు మెట్లమీద కూర్చుని
కాళ్లు గోదాట్లో పెట్టుకుని చదివాను.
కుండ పగిలిన చోట
చటుక్కున పాదాలు పైకి లాక్కున్నాను,
ఎవరి వాటానో తొక్కుతున్నట్టు.
అయినా రాసినాయనకి ఒక్క మాట చెప్పాలి:
నీళ్లు లేనోళ్లకే కాదండీ దాహం.
ఏప్రిల్లో సముద్రం మా రేవుదాకా పోటెక్కొస్తే
ఇంత నీళ్ల నడుమ
డబ్బా నీళ్లు కొనుక్కుని తాగుతాం.
అది రాయలేదాయన. ఆయనకేం తెలుసు.

రెండోది ఆరొందల పేజీలు.
మూడు తరాలు, ఎనిమిది పెళ్లిళ్లు, తెగని దావా.
పేర్లు గుర్తుండక
పాత టిక్కెట్ల వెనక వంశవృక్షం రాసుకున్నాను.
ఓ మధ్యాహ్నం తూర్పుగాలికి
పెదనాన్నా, ఆయన రెండో భార్యా,
దావా వేసిన తమ్ముడూ
ఎగిరెళ్లి ఏట్లో పడ్డారు.
మిగిలినవాళ్లతో నెట్టుకురాలేకపోయాను.
చేపల తట్ట దించి, దానిమీద తల పెట్టి
ఓ కునుకు తీసిన కొల్లాటి మంగాయమ్మ
లేచి ఆవులించి
"మంచి పుస్తకమేనయ్యా, ఎత్తుగా ఉంది" అంది.

మూడోది కవిత్వం. ఎండురొయ్యంత తేలిక.
సగం అర్థం కాలేదు.
వానని నిచ్చెన అన్న చోట
ఎవరో పెన్సిల్‌తో గీత గీసి
"అబద్ధం" అని రాశారు.
దాని కింద ఇంకో చేతిరాత:
"మా ఇంటి పైకప్పు కిందకొచ్చి చూడు."
కవితకంటే ఈ తగువే ఎక్కువసార్లు చదివాను.
నేనూ పెన్సిల్ తీశాను.
తీర్పు చెప్పలేక
తేదీ వేసి ఊరుకున్నాను.

ఇక ఆ సగం పుస్తకం.
ఓ కుట్టుమిషను దగ్గర మాట పట్టింపొచ్చి
అక్కాచెల్లెళ్లు పందొమ్మిదేళ్లు మాట్లాడుకోరు.
చివరికి చెల్లెలే గడప దాకా వస్తుంది.
"అక్క తలుపు తీసింది. తీసి"
అంతే. తర్వాత పేజీ లేదు.
చెదలా, పిల్లలా, ఎవరి పడవలకి పోయిందో.

వెనక చీటీలో ఆఖరి పేరు నల్లి ఎస్తేరు.
గురువారం గురువారం లేసు మూట చంకన పెట్టుకుని
సేటుకిచ్చి రావడానికి ఏరు దాటుతుంది.
అడిగాను.
చేతిలో సూది ఆపకుండానే చెప్పింది:
"ఏం మాటాడదండీ అక్క.
లోపలికెళ్లి దారం చిలప తెచ్చి
చెల్లి రెండు చేతులకీ తగిలించి
ఉండ చుట్టడం మొదలెడుద్ది.
ఉండయ్యేదాకా ఇద్దరూ కదలడానికి లేదు కదా."

ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

మొన్న నరసాపురంలో అదే నవల, నిండు పేజీలతో దొరికింది.
ఆఖర్న ఇద్దరూ కావలించుకుని ఏడుస్తారు.
వాన కూడా పడుతుంది.
పుస్తకం మూసి, తీసిన చోటే పెట్టొచ్చాను.

ఈ గురువారం ఎస్తేరు వచ్చింది.
ఇరవై కాయితం ఇచ్చింది.
టిక్కెట్టు చింపుతూ అడిగాను,
"ఆ దారం ఏ రంగండీ, పుస్తకంలో?"
కాసేపు నా మొహంలోకి చూసింది.
"తెలుపే. నేను అల్లితే
ఇంకే రంగొస్తుంది?" అని నవ్వి
కూత వేస్తున్న పంటెక్కేసింది,
చిల్లర తీసుకోకుండా.

ఆ పది నోటు
లేని పేజీ చోట పెట్టాను.
వచ్చే వారం ఇవ్వాలి.
పుస్తకం గడువు రేపటితో సరి.