కుడి తలుపు పట్టీ

పుదుపేట రెండో సందు,
ఇంజనాయిలు తాగి నల్లబడ్డ నేల.
గోనెపట్టా మీద పరిచాను
మావయ్య స్పోర్ట్స్ కారు కుడి తలుపు పట్టీ,
బీసెంట్ నగర్ ఉప్పుగాలి
ముప్పయ్యేళ్లు నాకి వదిలిన క్రోమ్.

సీమ నుంచి తెప్పించిన కొత్తదీ పక్కనే ఉంది.
చెంగల్రాయుడు దాన్నే ముందు తలుపుకి ఆనించాడు.
మొదటి క్లిప్పు పట్టింది. మధ్యది పట్టింది.
చివర వేలెడు సందు.

"పట్టీ తిన్నగానే ఉంది సార్.
తలుపే లోపలికి పోయింది, ఎవరు కొట్టారో."

నేనే.
పంతొమ్మిదేళ్లప్పుడు, తాళం దొంగిలించి,
అడయారు వంతెన గోడకి.
ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

అతను పాతదాన్ని తిరగేసి
కళ్ళద్దాలు నుదుటికి తోశాడు.
వెనక వరసగా చిన్న చిన్న గుంటలు,
బియ్యపుగింజంత.
"ఇవి దెబ్బలు కావు సార్. ఎవరో ఓపిగ్గా,
తలుపు వంపుకి సరిపోయేలా
సుత్తితో మెల్లగా వంచారు."

సందులో ఎవరో సైలెన్సరు కోస్తున్నారు.
నిప్పురవ్వలు కాసేపు చూస్తూ నిలబడ్డాను.

"దీనికే పూత వెయ్యి," అన్నాను,
"వెనకవైపు మాత్రం పాలిష్ పట్టకు."

"వెనక ఎవరు చూస్తారు సార్," నవ్వాడు,
"అయినా రేటు తగ్గదు."