ఆరో వీడియో

'తుప్పు' బ్యాండోళ్ళు విజయనగరంలో వాయించిన రాత్రివి
నా దగ్గర ఆరు వీడియోలున్నాయి.
ఐదింట్లో పాట శుభ్రంగా వినబడతాది.

ఆరోది నెల్లిమర్ల జూట్‌మిల్లు గుంటడు తీసింది.
ఊరికే ఇవ్వలేదు,
అరకేజీ పలాస జీడిపప్పు పట్టుకెళ్ళాడు.
డ్రమ్ములు రేకుల మీద వానలాగుంటాయి,
సగం తెరకి ఎవడిదో నూనె రాసిన తలకాయ.
"ఓరి, కూకోండ్రా!" అని వెనకనుంచి కేక,
పక్కనే ఎవరో వేరుశెనక్కాయలు ఒలుస్తున్న చప్పుడు.

డ్రమ్ములాగి
గిటారొక్కటే మిగిలినకాడ
ఫోను మెల్లగా కిందికి దిగిపోతాది.
చెప్పులు. మట్టి. చీకటి.
రెండు నిమిషాల పదకొండు సెకన్లు
వాడి ఊపిరి, నా చెవి పక్కనే.

తీస్తున్న సంగతే మర్చిపోయాడు.

ఆ ఐదూ ఎవరడిగినా ఇచ్చీస్తాను.
ఇది కావాలంటే మాత్రం
మా ఇంటికొచ్చి
లైటార్పి కూకోవాల.