రంగుకి ముందు

నీళ్లు వద్దు, అంది థోవా పిన్ని మొదటిరోజే.
గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పట్టుకొచ్చిన నన్ను చూసి
నవ్వలేదు, తిట్టలేదు, సింకులో ఒంపేసింది.
గోరు నీళ్లు తాగి ఉబ్బుతుందట,
ఆరాక ముడుచుకుంటుందట,
అప్పుడు పైనున్న రంగుదీ కిందున్న గోటిదీ
ఎవరి దారి వాళ్లదే.
"పొడిగా రానీ. ఎలా ఉన్నది అలాగే రానీ."

కెమ్నిట్జ్‌లో ఫిబ్రవరి.
కిటికీ బయట ట్రాములు మంచుని నల్లబరుస్తూ పోతున్నాయి.
ముప్పై ఏడేళ్ల కిందట పిన్ని ఈ ఊరికి
మేజోళ్ల మిల్లులో కుట్టుపనికి వచ్చింది.
మిల్లు పోయింది, పిలిపించిన దేశమే పోయింది,
వేళ్లు మిగిలాయి.

నా పేరుకి చంద్రుడని అర్థం.
ఇక్కడెవరికీ నోరు తిరగదు.
గోటి మొదట్లో తెల్లని నెలవంక చూపించి
"ఇదిగో నువ్వు," అంది పిన్ని.
"దీని జోలికి ఆకురాయి పోకూడదు.
గోరు పుట్టేది ఇక్కడే."

ఇవాళ వచ్చినావిడ పేరు హైడ్రూన్.
ఐదో నంబరు ట్రాము నడుపుతుంది.
రేపటితో ఉద్యోగం ఆఖరు.
ఎన్నడూ రంగు ఎరగని చేతుల్ని
తువ్వాలు మీద పెట్టింది,
ట్రాములో ఎవరో మరిచిపోయిన చేతితొడుగులు
డిపోలో అప్పగిస్తున్నట్టు.
"ఎరుపు," అంది. "ఆగమని చెప్పే ఎరుపు."

నారింజ కొయ్యపుల్లతో మొదలుపెట్టాను.
గోటి మీదికి పాకిన చచ్చిన పొరని
కొంచెం కొంచెంగా వెనక్కి తోశాను,
నిద్రపోతున్న పిల్లాడి మీంచి దుప్పటి లాగినట్టు.
బతికున్న చర్మాన్ని కొయ్యలేదు. అది తలుపు.
తెరిచి పెడితే ఎవరొస్తారో
గోరుచుట్టు వచ్చినవాళ్లనడగండి.

కుడి బొటనవేలు దగ్గర ఆగాను.
గోటికి సరిగ్గా నడిమధ్య, అడ్డంగా, ఒక గాడి.
నెలకి మూడు మిల్లీమీటర్లు ఎదుగుతుంది గోరు.
లెక్క వెయ్యకుండా ఉండలేకపోయాను.
మూడు నెలల కింద ఏదో ఒక రోజు
ఈ ఒంట్లో గోరు పని ఆపేసి నిలబడింది.
ఏ జ్వరమో. ఏ తలుపు సందో.
చూడు, అడక్కు, అన్నది పిన్ని రూలు.
"నవంబరు," అంది హైడ్రూన్,
నేను అడక్కుండానే.
అంతే. ఇంకేం చెప్పలేదు.

నా చెయ్యి గరుకు ఆకురాయి మీదికి పోయింది,
చదును చేసేద్దామని.
పక్క కుర్చీలోంచే పిన్ని నా మణికట్టు పట్టుకుంది.
"గుంట పూడ్చడానికి చుట్టూ నేల తవ్వుతారా ఎవరైనా?"
గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు.
నేను గోటి మీదికే గొడ్డలెత్తాను.

మెత్తటిది ఇచ్చింది, రెండువందల నలభై.
మెరుపు పోవాలి, గోరు పోకూడదు.
ఒకే వైపుకి.
బరువు నీ భుజంలోనే ఉంచుకో, ఆవిడ వేలికి దిగనీకు.
లేచిన పొడిని బ్రష్‌తో దులిపాను.
పీచు రాలని గుడ్డని ఆల్కహాల్‌తో తడిపి
పది గోళ్లూ తుడిచాను, మూలలతో సహా.

"ఇక దేన్నీ ముట్టుకోవద్దు," అన్నాను.
"జుట్టు, మొహం, ఫోను, ఏదీ.
జిడ్డు తగిలిందా, మళ్లీ మొదటికొస్తాం."

రెండు చేతులూ గాల్లో పెట్టుకు కూర్చుంది హైడ్రూన్.
అర నిమిషమైందో లేదో
"ముక్కు," అంది.
పిన్ని టిష్యూ తీసుకుని, వంగి,
పని మీదున్న మొహంతో ఆవిడ ముక్కు గీరింది.
"ఎడమకి. కాస్త కింద. ఆ... అక్కడే."
నాకు నవ్వొచ్చింది. హైడ్రూన్‌కీ వచ్చింది.
ఆ నవ్వు సగం దూరంలో ఎక్కడో
పట్టాలు మారింది.
చేతులు మాత్రం దించలేదు ఆవిడ.
ముట్టుకోవద్దన్నాం కదా.

పిన్ని ఇంకో టిష్యూ తీసింది.

ఎరుపు ఇంకా అరలోనే ఉంది.
గాడి పూడ్చే బేస్ సీసా మూత విప్పి
నేను ఎటో చూస్తూ నిలబడ్డాను.
"ఉండు," అంది పిన్ని నావైపు తిరక్కుండానే,
"ఇంకా ఆరలేదు."