గెడ వణుకు

తుఫాను నాడు ఊగలేదు.
మిల్లు రేకులు ఎగిరి ఎవరి చేలోనో పడ్డాయి,
కాటా గది తలుపు కాలవలో తేలింది,
కరెంటు స్తంభాలు పొర్లుదండాలు పెట్టాయి.
పొగగొట్టం మాత్రం,
నూట ముప్పై అడుగుల కొత్త ఇనుప గొట్టం,
నున్నగా వెండి రంగు పూసుకుని
ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడే ఉంది.

ఊగింది ఆ తర్వాత, మాఘంలో.
దాళవా చేలు పచ్చబడుతున్న రోజులు.
సాయంత్రం నాలుగింటికి
సముద్రం మీంచి బయల్దేరి మండపేట దాకా వచ్చే గాలి,
ఒకే దిక్కు, ఒకే నడక,
బల్లమీది రసీదు కూడా ఎగరదు దానికి.

నేను కాటా రాసేదాన్ని.
నిండు లారీ బరువు, ఖాళీ లారీ బరువు, తేడా.
మొదట నా టీ గ్లాసులో చూశాను:
మీగడ చుట్టూ సన్నటి వలయాలు.
తర్వాత కుర్చీ కాళ్లలోంచి ఒక మూలుగు,
పెదవి విప్పకుండా ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు.
బయటికొచ్చి తలెత్తితే
గొట్టం కొస ఆకాశాన్ని తుడుస్తోంది,
జానెడు తూర్పుకి, జానెడు పడమరకి.

గాలేమో దక్షిణం నుంచి.

తోసినవాడికి ఎదురుగా కదా పడాలి ఏదైనా?
కొబ్బరిచెట్టు అలాగే వంగుతుంది,
వరి అలాగే వంగుతుంది,
మా మేనేజరూ అంతే.
ఇదేమిటి, ఎదురొచ్చినవాణ్ణి చూసి
పక్కకి తూలడం?

పునాది తవ్వి చూశారు. బోల్టులు బిగించారు.
నిమ్మకాయలు కట్టారు.
"అంత గాలివానకే ఆగింది, దీనికేమవుతుంది" అన్నాడు మేనేజరు,
అంటూనే మోటారుసైకిలు దూరంగా పెట్టుకున్నాడు.

చెప్పింది మల్లాడి కామేశు.
ఒకప్పుడు ఈ కాలవ మీద ధాన్యం పడవ నడిపినవాడు,
ఇప్పుడు బస్తాలకి మూతి కుడుతున్నాడు.
"గెడ పట్టుకున్నావా ఎప్పుడైనా?"
లేదన్నాను.
లాకుల కిందికి తీసుకెళ్లి
వెదురు గెడ నిటారుగా నీళ్లలో దింపి
నా రెండు చేతులూ దానిమీద వేయించాడు.

నీళ్లు నాకేసి వస్తున్నాయి.
గెడ కుడికీ ఎడమకీ వణికింది,
గాలానికి తగులుకున్న జెల్లలా.
దాన్ని దాటాక చూడమన్నాడు:
ఎడమన ఒక సుడి, కుడిన ఒకటి, మళ్లీ ఎడమన,
వంతు తప్పకుండా.
"పోయే ప్రతి సుడీ
గెడని తనవైపు ఓ గుంజు గుంజి పోద్ది.
వరదలో ఈ పేచీ లేదు, అక్కడంతా గోల.
నిమ్మళంగా పారే నీళ్లున్నాయే,
అవి గెడ తాళం కనిపెట్టి
అదే తాళం వేస్తాయి.
పడవ దిగాక అన్నం ముద్ద పట్టుకుంటే
వేళ్లు వణికేవి మాకు."

గెడ పైకి లాగి, కొబ్బరితాడు
మెలికలు మెలికలుగా చుట్టి మళ్లీ దింపాడు.
నా చేతుల్లో ఏమీ లేదు.
బరువు తప్ప.

కాకినాడ నుంచి ఇంజనీరు వచ్చాడు.
ల్యాప్‌టాప్ తెరిచి రెండు గంటలు లెక్కలు కట్టి
కామేశు మాటే చెప్పాడు,
జీఎస్టీతో కలిపి.

వెల్డరు ఇజ్రాయేలు నడుముకి తాడు బిగించుకుని ఎక్కాడు.
కొసనుంచి మూడోవంతు దాకా
మూడు ఇనుప పట్టీలు, జడపాయల్లా గొట్టం చుట్టూ.
నాలుగు రోజులు మిట్టమధ్యాన్నం నిప్పురవ్వలు రాలాయి
ఆరబోసిన ఊక మీద పడకుండా
తడి గోనెలు పట్టుకుని ఆడవాళ్లు కింద కాపలా.

ఇప్పుడూ నాలుగింటికి గాలి వస్తుంది.
ఒక ఎత్తున ఒకలా చీలి,
ఏ సుడికీ పక్క సుడితో మాట కలవక
చెదిరి చేలమీదికి పోతుంది.
టీ మీద మీగడ కదలదు.
నిండు లారీ, ఖాళీ లారీ, తేడా.

ఆదివారం లాకుల దగ్గరికి వెళ్తాను.
కామేశు గెడ గట్టుకి చేరేసి ఉంటుంది.
తాడు విప్పి, నీళ్లలో దింపి,
పట్టుకుంటాను.
కాలవ కట్టేయడానికి ఇంకా నెల ఉంది.