ఉప్పు తిన్న గడ్డి

తుఫాను పోయిన నాలుగోనాటికి
ఎడిస్టో దీవిలో ఎర్లీన్ పెరట్లో
గులాబీలన్నీ కమిలి నల్లబడ్డాయి.
సముద్రం రెండు రాత్రులు అక్కడే పడుకుని వెళ్లింది మరి.

కంచె వారనున్న గడ్డిదుబ్బులు మాత్రం
ఏమీ ఎరగనట్టు తలలు దులుపుకున్నాయి.

వాళ్లమ్మ ఇసకదిబ్బల మీద దూసి తెచ్చిన గడ్డే.
ఇప్పుడు ఆ దిబ్బలకో గేటు,
గేటుకో కాపలావాడు.

ఎరువు వెయ్యదు. నీళ్లూ మానేసింది.
"గారం చేస్తే వాలిపోతుంది," అంటుంది.

అక్టోబరులో పూస్తుంది.
పువ్వనలేం, గులాబిరంగు పొగ.
కార్లు ఆగి ఫొటోలు తీసుకుంటాయి.

ఆమె చూపు అటుండదు.
అరిగిన చెంచా కాడతో
ఎండుపోచలు బిగించి చుట్టి
బుట్టకి అడుగు మొదలెడుతుంది.
మొదటి ముడి దగ్గర
వేలు నాలుక్కి తాకించి చూసుకుంటుంది:

ఉంది.
ఇంకా ఉంది ఉప్పు.